పెద్ద చక్రాలు – చిన్న సంసారం

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నేను మాట్లాడబోయేది టైర్ల గురించి. అవునండీ, మీరు సరిగ్గానే విన్నారు. ఆవకాయ గురించీ కాదు, పసిపిల్లల పెంపకం గురించీ కాదు. సరుకు తోలే పికప్ బండి టైర్ల గురించి. "ఇదేం చోద్యం! మగవాళ్ళ గొడవ మనకెందుకు?" అని రేడియో కట్టేయబోతున్నారేమో, ఒక్క పది నిమిషాలు ఓపిక పట్టండి. టైరు ఉండేది బండికే గానీ, దాని డబ్బు బయల్దేరేది మన పోపుల డబ్బాలోంచీ, మన చీటీలోంచీ, ఒక్కోసారి మన మెడలోంచీను. పైగా ఆ బండి తోలుకుపోయినవాడు రాత్రి పన్నెండు దాటినా ఇల్లు చేరకపోతే, వీధి తలుపు తీసుకుని నిలబడేదీ మనమే. అంచేత ఈ సంగతి అచ్చంగా మనదే.

మాది మదనపల్లె. మా ఊరి పేరు చెప్పగానే కొందరికి బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాల గుర్తుకొస్తుంది. 1919లో రవీంద్రనాథ ఠాగూరుగారు అక్కడ ఉన్నప్పుడే "జనగణమన"ను ఇంగ్లీషులోకి మార్చారు. కొందరికి హార్స్‌లీ కొండల చల్లగాలి గుర్తుకొస్తుంది. కానీ ఈ కాలంలో ఎక్కువమందికి గుర్తుకొచ్చేది టమోటా. తెల్లవారకముందే పుంగనూరు వైపునుంచీ, కురబలకోట, తంబళ్ళపల్లె వైపునుంచీ పికప్ బండ్లు బారులు తీరి మార్కెట్టుకు వస్తాయి. ప్లాస్టిక్ క్రేట్లు మనిషెత్తు పేర్చి, పైన తాడు బిగించి, ముందు అద్దం మీద దేవుడి పేరు రాసి, అవి వచ్చే వరస చూస్తే పెళ్ళివారి ఊరేగింపులా ఉంటుంది. మా ప్రాంతంలో ఎన్నో సంసారాలు ఆ నాలుగు చక్రాల మీదే నడుస్తున్నాయి.

మా చెల్లెలి సంసారమూ అలాంటిదే. 2023 జూలైలో టమోటా కిలో నూటయాభై దాటిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మీరంతా కూరలో టమోటా మానేసి చింతపండు పులుసుతో సరిపెట్టుకున్న రోజులవి. మీకు అది కష్టకాలం. పంట చేతికొచ్చిన రైతులకు మాత్రం జన్మకో శివరాత్రి. ఆ ఏడు మా చెల్లెలివాళ్ళకు రెండెకరాల్లో నాలుగు రాళ్ళు మిగిలాయి. ఆ డబ్బు ముందు కట్టి, మిగతాది కంతుల మీద, కొడుక్కి ఒక పికప్ కొనిచ్చారు. బోయకొండ గంగమ్మ దగ్గర పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. నేనూ వెళ్ళాను. వాడి మొహంలో ఆ రోజు చూసిన వెలుగు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

ఏడాది తిరిగింది. ఒకనాటి సాయంత్రం మా చెల్లెలు ఆయాసపడుతూ వచ్చింది. "అక్కా, నా చీటీ పాట వచ్చింది. ఎనభై వేలు. పిల్ల నర్సింగు ఫీజుకని ఎత్తిపెట్టుకున్నా. ఇప్పుడు వీడేమో బండికి పెద్ద టైర్లు వేయించాల, ఆ డబ్బులియ్యి, సీజన్లో తీర్చేస్తా అంటా ఉండాడు. ఇయ్యనంటే అన్నం మానేస్తాడు. ఏం చెయ్యమంటావక్కా?" అంది.

నేను ముందు అన్నమాట ఏమిటో తెలుసా? "పెద్ద టైర్లయితే బరువు ఎక్కువ మోస్తుంది కదే, బాడుగ కూడా ఎక్కువొస్తుందేమో" అన్నాను! చూశారూ నా తెలివి! పెద్ద గిన్నె పెడితే ఎక్కువ అన్నం అవుతుందనుకునే బుద్ధి మనది. గిన్నె పెద్దదైతే సరా, కింద పొయ్యి అదే కదా!

మర్నాడు మా వాణ్ణే పిలిచి అడిగాను. ఫోనులో ఫోటో చూపించాడు. ఎవరిదో బండి, అడవి దున్నలాగా ఉంది. టైర్లు బాడీలోంచి బయటికి పొడుచుకొచ్చి, పెద్ద పెద్ద పళ్ళతో ఉన్నాయి. "చూడు పెద్దమ్మా, ఎంత గెత్తుగా ఉందో! మన బండి దీని పక్కన మేకపిల్ల మాదిరుంటాది" అన్నాడు. టైర్లూ, వాటికి సరిపడే వెడల్పాటి రిమ్ములూ కలిపి సరిగ్గా ఎనభై వేలు.

నాకు తెలియని సంగతిలో ఊ అనడమూ తప్పే, ఊహూ అనడమూ తప్పే. అందుకని బెంగుళూరు రోడ్డులో పంక్చర్లు వేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. నలభై ఏళ్ళుగా టైర్లతోనే ఉన్న మనిషి. "కూర్చో అమ్మా" అని స్టూలు వేసి, సుద్దముక్క తీసుకుని నేల మీదే నాకు పాఠం చెప్పాడు. ఆ పాఠాన్నే మీకు అప్పజెబుతున్నాను.

టైరు పక్క గోడ మీద కొన్ని అంకెలు పోతపోసి ఉంటాయి. ఉదాహరణకు 215/75 ఆర్ 15 అని ఉందనుకోండి. 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే ఆ వెడల్పులో నూటికి 75 పాళ్ళు పక్క గోడ ఎత్తు. చివరి 15 అంటే లోపలి ఇనప రిమ్ము అడ్డకొలత, అంగుళాల్లో. ఇక పది చదివిన నా లెక్కే సరిపోయింది. పక్క గోడ 161 మిల్లీమీటర్లు. పైనొకటి, కిందొకటి, రెండూ కలిపి 322. రిమ్ము 381. మొత్తం చక్రం ఎత్తు 703 మిల్లీమీటర్లు. మావాడు వేయించాలనుకున్నది 31 అంగుళాల టైరు. అంటే 787 మిల్లీమీటర్లు. తేడా 84. కానీ బండి పైకి లేచేది ఆ 84 కాదండీ, అందులో సగమే. ఎందుకంటే ఇరుసు ఉండేది చక్రం నడిమధ్యన కదా! అంటే 42 మిల్లీమీటర్లు. నా వేళ్ళతో కొలిచి చూశాను. రెండున్నర వేళ్ళ ఎత్తు. ఆ రెండున్నర వేళ్ళ ఎత్తుకు ఎనభై వేలు!

"పోనీ, డబ్బు పోతే పోయింది, బండికి బలమొస్తుందా?" అని అడిగాను. పెద్దాయన నవ్వి, "బలం పోతుందమ్మా" అన్నాడు.

ఎలాగంటారా? మన తిరగలినే తీసుకోండి. అంచున ఉన్న పిడి పట్టుకుని తిప్పితే సులువుగా తిరుగుతుంది. నడిమి మేకు దగ్గర చెయ్యి పెట్టి తిప్పాలన్నా, తిరిగేదాన్ని ఆపాలన్నా ఎంత బలం కావాలి! రాయి పెద్దదయ్యేకొద్దీ ఆ కష్టం పెరుగుతుంది. బండిలో ఇంజను తిప్పేదీ నడిమినుంచే, బ్రేకు పట్టేదీ నడిమి దగ్గరే. రోడ్డు తగిలేది మాత్రం అంచున. చక్రాన్ని 703 నుంచి 787కు పెంచి, ఇంజనూ బ్రేకులూ పాతవే ఉంచితే, రోడ్డు దగ్గరికి చేరే లాగుడు బలం నూటికి పదిపాళ్ళకు పైగా తగ్గుతుంది. బ్రేకు పట్టూ అంతే తగ్గుతుంది. ఎత్తెక్కేటప్పుడు క్లచ్చి మీద కాలు ఎక్కువసేపు ఉంచాలి, అది కాలిపోతుంది. దిగేటప్పుడు బ్రేకు ఇంకా గట్టిగా తొక్కాలి, అది వేడెక్కుతుంది.

మీటరు సంగతి ఇంకా విచిత్రం. బండి వేగం చూపే ముల్లు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కేస్తుందే గానీ, చక్రం ఎంత పెద్దదో దానికేం తెలుసు? పెద్ద చక్రం ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. మీటరు 60 చూపిస్తుంటే బండి నిజంగా 67 మీద పోతూ ఉంటుంది. తోలేవాడు "నేను నిదానంగానే పోతున్నా" అనుకుంటాడు. అమ్మకు ఫోనులో అదే చెబుతాడు. అబద్ధమాడేది వాడు కాదు, మీటరు!

ఇక వెడల్పు ఎక్కువైన టైరు మలుపు తిప్పేటప్పుడు బాడీ లోపలి రేకుకు రాసుకుంటుంది. చక్రం బయటికి జరిగేకొద్దీ బేరింగుల మీద భారం పెరుగుతుంది. స్టీరింగు బరువెక్కుతుంది. బండి ఎత్తు లేస్తే, పైన పేర్చిన క్రేట్ల బరువు కూడా ఎత్తు మీదికి పోతుంది. మలుపులో తూలే గుణం ఎక్కువవుతుంది. ఇదంతా వింటుంటే నాకు మా తాతగారి ఎద్దుల బండి గుర్తుకొచ్చింది. "ఎద్దు ఎత్తు చూసి చక్రం చేయించాల" అనేవాడాయన. చక్రం మరీ ఎత్తయితే కాడి కిందికి వాలి, బరువంతా ఎద్దు మెడ మీదికి వచ్చేస్తుంది. ఆయనకు లెక్కలు రావు, కానీ విషయం తెలుసు.

మరో సంగతి. చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ తయారుచేసినప్పుడు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. ఆ ఏడే చట్టానికి చేసిన సవరణతో, ఇలా మార్పించిన యజమానికి ఒక్కొక్క మార్పుకూ 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఇక ఖర్మ చాలక ఏదైనా జరిగితే, చెప్పకుండా చేసిన మార్పును చూపించి భీమా కంపెనీ పరిహారానికి అడ్డం చెప్పే అవకాశముంది. కంతులు మాత్రం ఆగవు కదా!

"మరి లోకంలో ఇంత పెద్ద టైర్లు ఎవరూ వెయ్యరా?" అంటారేమో. వేస్తారు. అవసరముండి వేస్తారు. ఐస్‌లాండ్ అనే మంచుదేశంలో జీపులకు బాగా వెడల్పాటి పెద్ద టైర్లు వేసి, వాటిలో గాలి తగ్గించి నడుపుతారు. మెత్తటి మంచులో కూరుకుపోకుండా పైన తేలిపోవడానికి. అమెరికాలో బాబ్ చాండ్లర్ అనే ఆయన తన 1974 నాటి ఫోర్డు పికప్పుకు పెద్ద టైర్లు వేశాడు. టైర్లు పెంచేసరికి కింద భాగాలు విరిగాయి. వాటిని మారిస్తే ఇంకొకటి విరిగింది. ఆఖరికి మిలిటరీ బండ్ల ఇరుసులు తెచ్చి బిగించాల్సి వచ్చింది. "బిగ్‌ఫుట్" అని దానికి పేరు. 1981లో దానితో పాత కార్ల మీదికెక్కి వాటిని నుజ్జు చేసి చూపించాడు. తర్వాత అది జనం టిక్కెట్టు కొని చూసే ప్రదర్శన అయింది. అంటే ఏమిటన్నమాట? అది ఆటబండి. మనది అన్నంపెట్టే బండి. దాన్ని చూసి మనం టైర్లు మారిస్తే, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే.

అసలు గాలి నింపిన టైరు వాడుకలోకి వచ్చిందే బలం చూపించడానికి కాదండీ. బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువైద్యుడు, తన చిన్న కొడుకు మూడు చక్రాల బండి తొక్కుతూ కుదుపులకు బాధపడుతుంటే చూడలేక, రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రాలకు చుట్టాడు. బిడ్డ సుఖం కోసం తండ్రి చేసిన పని అది.

ఇదంతా విని వచ్చి మావాడికి చెప్పాను. వింటాడా? "ఆయన పాతకాలం మనిషి పెద్దమ్మా. నీకెందుకీ లెక్కలు?" అని నవ్వేశాడు. సరే, మనం చెప్పవలసింది చెప్పాం, గంగమ్మ తల్లే చూసుకుంటుందని ఊరుకున్నాను.

వారం తిరక్కుండానే జరిగిందొకటి. స్నేహితుడి బండి, పెద్ద టైర్లు వేయించినదే, ఆ పిల్లవాడికి జ్వరమొస్తే మావాడు తోలాల్సి వచ్చింది. నిండుగా టమోటా వేసుకుని తిరుపతికి బయల్దేరాడు. భాకరాపేట ఘాటు మీకు తెలుసు కదా, ఒకపక్క కొండ, ఒకపక్క లోయ. రాత్రికి తిరిగి రావలసినవాడు తెల్లవారి వచ్చాడు. మా చెల్లెలు రాత్రంతా నాకు ఫోను చేస్తూనే ఉంది. వచ్చినవాడు ఎవరితోనూ మాట్లాడకుండా ఇంత సంగటి తిని పడుకున్నాడు. సాయంత్రం తనంతట తనే మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"పెద్దమ్మా, దిగేటప్పుడు బ్రేకు తొక్కితే, మన బండి నిలబడే చోట అది నిలబడలా. ఇంకా నాలుగు బారలు ముందుకు పోయింది. మలుపులో టైరు రేకుకు రాసుకుని కర్రుమంది. కాలిన వాసన. పక్కన ఆపి అరగంట చల్లార్చి, ఫస్టు గేరులో దిగినా. కాళ్ళు వణికినాయి" అన్నాడు.

నేనేమీ అనలేదు. కాఫీ ఇచ్చాను. కాసేపయ్యాక తలొంచుకుని వాడే అన్నాడు: "మార్కెట్లో నన్ను ఎవురూ బండి ఓనరనుకోరు పెద్దమ్మా. 'ఓయ్ డ్రైవరూ, బండి తియ్' అంటారు. పెద్ద టైర్లుంటే అట్ల అనరని..."

అప్పుడర్థమైంది నాకు. వాడికి కావలసింది టైరు కాదు, మర్యాద. దానికి వాణ్ణి తప్పుపట్టడానికి మనమెవరం చెప్పండి? పెళ్ళికి పోవాలంటే అప్పుచేసి పెద్దంచు పట్టుచీర కొనుక్కున్నవాళ్ళం మనలో లేరూ? పక్కింటావిడ మెడలో గొలుసు లావు చూసి మన గొలుసు కరిగించినవాళ్ళం లేరూ? పైన పటారం మీద మోజు ఆడామగా అందరికీ ఉంది. కాకపోతే చీర బరువెక్కితే ప్రాణం పోదు. చక్రం బరువెక్కితే పోవచ్చు.

వాడికి ఒక మాట చెప్పాను. "ఒరే నాయనా, మన పక్కనే పుంగనూరు ఆవుంది. నిలబడితే మూడడుగులు లేదు. దాని పాలలో వెన్న నూటికి 8 పాళ్ళు. మామూలు ఆవుకు మూడూ, నాలుగే. ఆ పొట్టి ఆవును చూడడానికి ఎక్కడెక్కడివాళ్ళో వస్తారు. 2005లో వచ్చిన టాటా ఏస్‌ను చూడు. చక్రాలు పన్నెండంగుళాలవే. ఏనుగని పేరు పెట్టుకున్నారు జనం, చోటా హాతీ అని. మోసేవాణ్ణి లోకం మోతను బట్టే గుర్తిస్తుందిరా, ఎత్తును బట్టి కాదు."

వాణ్ణి వెంటబెట్టుకుని మళ్ళీ ఆ పెద్దాయన దగ్గరికే వెళ్ళాం. ఆయన చెప్పిన ఉపాయం అందరికీ నచ్చింది. బండికి కంపెనీవారు ఇచ్చిన సైజులోనే, అదే బరువు మోసే తరగతిలోనే, లోతైన పళ్ళున్న లగ్ టైర్లు దొరుకుతాయి. అవి వెనక చక్రాలకు. వానాకాలం పొలాల బాటల్లో బురదను కరిచిపట్టుకుంటాయి, చూడడానికీ మొరటుగా, గట్టిగా ఉంటాయి. ముందు చక్రాలకు నిలువు గీతల రిబ్ టైర్లు. స్టీరింగు మాట వింటుంది. వెనక టైర్లు ఎలాగూ అరిగిపోయాయి, మార్చవలసినవే. ఆ రెండూ కొని, బాడీకి మంచి రంగు వేయించి, తలుపు మీద పెద్ద అక్షరాలతో వాడి పేరూ, దాని కింద "యజమాని" అనీ రాయించాం. అన్నీ కలిపి చీటీ డబ్బులో సగం కూడా కాలేదు. మిగిలింది ఫీజు కింద కట్టాం, తక్కువబడింది వాడే రెండు నెలల బాడుగలోంచి తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టాడు. పెద్ద టైర్ల బండి ఎదురైతే ఇప్పటికీ మెడ తిప్పి చూస్తాడు లెండి. చూడనీండి, చూసినందుకు ఖర్చేముంది?

ఇక మీకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. మీ ఇంట్లో కారున్నా, స్కూటరున్నా ఇవి వర్తిస్తాయి.

ఒకటి: కొత్త టైరు కొన్నప్పుడు దాని మీది అంకెలు, పాత టైరు మీది అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. సైజు తర్వాత బరువు సూచించే అంకె ఒకటుంటుంది. 100 అంటే ఆ ఒక్క టైరు 800 కిలోలు మోస్తుందని, 104 అంటే 900 కిలోలని అర్థం. అది పాతదానికన్నా తగ్గకూడదు. చూపుకు మొరటుగా ఉన్న టైరు బరువు మోసే టైరు కానక్కర్లేదు.

రెండు: పక్క గోడ మీద గుండ్రటి చట్రంలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందన్నమాట. పచ్చళ్ళ సీసా మీద తేదీ చూసే మనకు ఇదో లెక్కా?

మూడు: గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే కారు టైరు, పికప్ టైరు పనికిరాదు. గాడుల మధ్య చిన్న రబ్బరు దిమ్మలుంటాయి. టైరు అరిగి వాటి మట్టానికి వచ్చిందంటే మార్చే వేళ అయిందని.

నాలుగు: గాలి పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు చూపించాలి. ఎంత పట్టాలో తలుపు దగ్గర చీటీ మీద గానీ, బండితో ఇచ్చిన పుస్తకంలో గానీ ఉంటుంది. స్టెప్నీ టైరులోనూ చూడమనండి.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకోటుంది. ఇంట్లో కుర్రాడు బండికి ఏదో తగిలిస్తానని డబ్బడిగితే, వెంటనే ఇవ్వకండి, వెంటనే కసరకండి. పక్కన కూర్చోబెట్టుకుని "దీంతో నీకేం కావాలిరా?" అని అడగండి. జవాబు టైర్ల అంగట్లో దొరికేది కాకపోవచ్చు. మన ఇంట్లోనే, మనం పిలిచే పిలుపులోనే ఉండొచ్చు.

మా చెల్లెలు ఇప్పుడు కొడుకును "ఓనరుగారూ, అన్నానికి రండి" అని పిలుస్తోంది. వాడు సిగ్గుపడుతూనే వస్తాడు. చీకటి పడకముందే వస్తాడు.